ట్యూబులైటు కింద చామంతి

మా అమ్మాయి తన ఫ్లాటులో కుండీల మీద ఊదారంగు ఎల్ఈడీ దీపాలు బిగించుకుంది. పొద్దున వాటంతట అవే వెలుగుతాయట, సాయంత్రం వాటంతట అవే ఆరిపోతాయట. "అమ్మా, ఇంట్లో మొక్కలకు లైటు పెట్టడం ఇప్పుడొచ్చిన పద్ధతి, నీకు తెలియదు" అని నాకే పాఠం మొదలుపెట్టింది. నాకు నవ్వాగలేదు. సోఫాలో పడి కడుపు పట్టుకుని నవ్వాను. నువ్వు నా కడుపులో ఉండగానే మన ఇంట్లో మొక్కలకు లైట్లు వెలిగాయే పిల్లా, నువ్వెక్కడ పుట్టాలో ఆ మొక్కల మీదే మీ నాన్న, మీ తాత పందెం కాశారు అన్నాను. అది నమ్మలేదు. నమ్మకపోతే పోనీ, అసలు జరిగింది రాసిపెడతాను.

తొంభైల మొదట్లో నాకు పెళ్ళయింది. మా పుట్టిల్లు కొత్తకోట దగ్గర, బెంగుళూరు రోడ్డును ఆనుకునే మా చేను. మాదీ మగ్గాల వంశమేగానీ మా తాత మగ్గం గుంత పూడ్చేసి చామంతి వైపు మళ్ళాడు. కార్తీకం వచ్చిందంటే మా అమ్మ పొద్దున నాలుగింటికే లేచి చేన్లోకి దిగేది. పూలు తెంపి, గంపలకెత్తి, తడి గోనెపట్టా కప్పి తొలి బస్సుకు అందించేది. నాయిన ఆ గంపలతో పాటే బస్సెక్కి మార్కెటుకు పోయేవాడు. మా ఇంట్లో చారు వాసన కంటే చామంతి వాసనే ఎక్కువ. నేను తలలో పూలు లేకుండా బడికి పోయిన రోజు లేదు.

మా ఆయనది ఆలేరు వైపు. వాళ్ళింట్లో అప్పటికి మూడు మగ్గాలు ఆడుతున్నాయి. ఈయన మాత్రం ఐటీఐ చదివి, నందికొండలో డ్యాం దగ్గర పవర్‌హౌస్‌లో ఆపరేటరుగా చేరాడు. ఆ ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచీ లోకంలో కరెంటు చేయలేని పని లేదని ఆయన గట్టి నమ్మకం. చుట్టుపక్కల ఊళ్ళలో కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో చెప్పలేం గానీ మా కాలనీలో ఫ్యాను ఆగడం నేను చూడలేదు. "నీళ్ళు మావి, తిరిగేది మాది, వెలిగేది మాది" అని చుట్టాలొచ్చినప్పుడల్లా మొదలుపెట్టేవాడు. డ్యాం ఆయనే కట్టించినట్టు ఉండేది ఆ వాలకం.

మాకిచ్చిన క్వార్టరు మాత్రం కొండ పక్కన కింది వాటా. వెనక బండ, ముందు ఇంకో క్వార్టర్ల వరస. ఎండ పదకొండింటికి గడప దాకా వచ్చి, నన్ను పలకరించి, పావుగంటకే వెళ్ళిపోయేది. నాదా, పొలంలో తిరిగిన ప్రాణం. ఇంటి నుంచి ఆరు చామంతి పిలకలు తడి గోనెలో చుట్టి తెచ్చుకున్నాను. ఖాళీ నూనె డబ్బాలకు అడుగున మేకుతో బొక్కలు కొట్టి, ఎర్రమట్టి, పెంట కలిపి నాటాను. పదిహేను రోజులకు అవి పాలిపోయి, నూలుపోగుల్లా సాగి, కిటికీ వైపు వంగిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. ఊరికే రాలేదు, గట్టిగా వచ్చింది. అప్పుడు నాకు మూడో నెల, దేనికైనా వచ్చేది.

"నన్ను మా ఇంటికి పంపుండ్రి. గీ చీకటి కొట్టంల నేనూ గట్లనే అయిత," అన్నాను.

మా ఆయన డబ్బాల ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. "ఎండ లేదనే గదా నీ బాధ? ఎండ నేను జేస్త," అన్నాడు.

చేశాడు కూడా! వాళ్ళింట్లో మగ్గం మీద బల్బును తాడుతో దించుకుంటూ, ఎత్తుకుంటూ నేస్తారు. ఆ కిటుకే ఇక్కడా వాడాడు. రెండు ట్యూబులైట్లు తెచ్చి పక్కపక్కనే చెక్కకు బిగించి, పైకప్పులో ఉయ్యాల కోసం ఉన్న కొక్కేనికి తాడు వేసి, మొక్కల నెత్తికి జానెడు ఎత్తులో దించాడు. స్విచ్చి వేయగానే టపటపా కొట్టుకుని, గది అంతా తెల్లగా అయిపోయింది. ఆయన మొహం కూడా తెల్లగా అయిపోయింది, సంతోషంతో.

"ఎంతసేపు ఎయ్యాలె?" అన్నాను.

"బందు జేసుడే లేదు. సూర్యునికి పగటి డ్యూటీ ఒక్కటే. మనకు మూడు షిఫ్టులు ఉన్నయి," అన్నాడు.

చూడండి మరి, నెల తిరగకుండానే మొక్కలు బలిసి గుమ్మడిపాదుల్లా అయ్యాయి. ఆకులు అరచేయంత, కాండాలు నా చిటికెన వేలంత. మా ఆయన రోజూ డ్యూటీకి పోయే ముందు టేపు పెట్టి కొలిచి, గోడ మీద సుద్దముక్కతో గీత గీసేవాడు. "ఇయ్యాల రెండు పెరిగింది!" అని అరిచేవాడు. రెండేమిటో, అంగుళాలా గీతలా, అడిగితే చెప్పేవాడు కాదు. నేను కళ్ళ మీద కొంగు కప్పుకుని నిద్రపోవడం అలవాటు చేసుకున్నాను. ఆ వెలుగులో నిద్ర పట్టక నేను చస్తుంటే, ఆయన మాత్రం మొక్కలను చూసుకుంటూ హాయిగా గురకపెట్టేవాడు.

కాలనీ అంతా తెలిసిపోయింది. మా కిటికీ ముందు ఆగి చూసిపోనివాళ్ళు లేరు. "ఏమమ్మా, మీ చామంతులకు పదో తరగతి పరీక్షలా?" అని ఒకామె. "మీ మొక్కలది ఏ షిఫ్టు?" అని ఆయనతో పనిచేసేవాళ్ళు. పక్క క్వార్టరులో ఉండే ఆపా అయితే తలుపు తీసుకుని నేరుగా లోపలికొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "యా అల్లా! నా పిల్లలకు సదువుకోనీకి ఒక్క బల్బు లేదు, మీ చెట్లకు రెండు ట్యూబులా!" అంది. ఆపా వాళ్ళాయన డ్యాం నీళ్ళ మధ్య ఉన్న కొండకు పోయే లాంచీ మీద పనిచేసేవాడు. ఆమె ఇంట్లో మిషను కుట్టేది. మనిషి పెద్దది, గొంతు ఇంకా పెద్దది. నేను ఒక డబ్బాలో పక్కన మొలిచిన కొత్త పిలక పీకి ఆమెకిచ్చాను. ఆమె దాన్ని పగిలిన కూజాలో నాటి వెనక మెట్ల మీద పెట్టుకుంది.

శ్రావణంలో నాయిన, అమ్మ నన్ను చూడడానికి వచ్చారు. నాయిన చెప్పులు విడవకముందే దీపాలు చూశాడు. డబ్బాల చుట్టూ తిరిగాడు. ఒక ఆకు తుంచి నలిపి వాసన చూశాడు. మీసం కింద నవ్వుకోవడం నాకు కనపడింది.

"ఏంది అల్లుడా, గీ తెల్లకట్టెల కింద పువ్వు పూస్తదా?"

"ఎందుకు పూయది మామా? మీ చేన్ల కంటె ముందు పూస్తది."

"చామంతి నీ మిషను గాదు, బటన్ ఒత్తంగనే పూయనీకి."

"నా బిడ్డ... కాదు, మీ బిడ్డ సీమంతానికి జడ నిండ నా ఇంట్ల పూలే పెడత. సూస్తరా?"

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మొగ్గ లేదు, మొన లేదు, ఈయన అప్పుడే జడ అల్లేశాడు.

"పూయకుంటే?" అన్నాడు నాయిన.

"పూస్తే కాన్పు ఈడ్నే, మా దవాఖానల. పూయకుంటే రివాజు ప్రకారం మీ ఇంటికే తోలిస్త, బిడ్డకు ఏడాది నిండేదాక ఉంచుకోండ్రి. నేను మారు మాట్లాడ."

"మాట మీద నిలబడతవా?"

"నిలబడత."

ఇద్దరూ చేతిలో చెయ్యి వేసుకున్నారు. నేను అక్కడే చాటలో బియ్యం చెరుగుతున్నాను. నా ముందు నుంచే, నా నెత్తి మీదుగానే ఆ చేతులు కలిశాయి! ఏడాది! కడుపు నాది, కాన్పు నాది, నొప్పులు నావి. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం రివాజే, కాదనను. అమ్మ చెయ్యి నాకూ కావాలి. కానీ కొత్తకోట దగ్గర మా పల్లెలో మంత్రసాని తప్ప దిక్కు లేదని భయమూ ఉంది. ఇక్కడ రెండడుగుల్లో దవాఖాన ఉంది. ఏడాది పాటు ఈయనను వదిలి ఉండడమంటే... అప్పటికి నాకు ఈయన పిచ్చి బాగానే పట్టింది, సిగ్గేమిటి చెప్పడానికి. ఇవన్నీ నన్ను అడిగితే కదా చెప్తాను! కోపం వచ్చి చాట ఎత్తి కొట్టాను. నూకలన్నీ నాయిన తలపాగా మీద పడ్డాయి.

"ఏందే గది?" అన్నాడు నాయిన.

"ఏం లేదు. చెరుగుతున్న," అన్నాను.

అమ్మ ఒక్కతే నా వైపు చూసింది. ఆమె ఎప్పుడూ ఏమీ అనేది కాదు. సాయంత్రం బస్సుకే బయల్దేరారు, మర్నాడు కలుపు తీయాలట. డ్యాం చూపిస్తానని మా ఆయన ఎంత బతిమాలినా, "మల్లొచ్చినప్పుడు చూస్త నాయినా, కూలోళ్ళు ఎదురుచూస్తరు" అని అమ్మ వెళ్ళిపోయింది.

భాద్రపదం గడిచింది. బతుకమ్మ పండుగ వచ్చింది. మొక్కలు నా నడుం దాకా పెరిగాయి. మొగ్గ మాత్రం లేదు. ఒక్కటంటే ఒక్కటి! మా ఆయన పొద్దున లేస్తూనే ప్రతి కొమ్మ చివరా భూతద్దం పెట్టి వెతికేవాడు. పవర్‌హౌస్‌లో అందరికీ అప్పటికే చెప్పుకున్నాడాయె, పరువు పోతుంది. "ఎలుగు సాలుతలేదు," అని ఇంకో ట్యూబు తెచ్చాడు. అది చాలక నూరు క్యాండిల్ బల్బు ఒకటి పక్కన వేలాడదీశాడు. మా ఇంట్లో నీడ పడే జాగా లేకుండా పోయింది. కంచంలో అన్నం మెతుకుల నీడలు కూడా మాయమయ్యాయి. మొక్కలు ఇంకా పెరిగాయి, ఇంకా పచ్చబడ్డాయి, అంతే.

దసరా మర్నాడు ఆపా ఇంటికి సేమియా గిన్నె తిరిగివ్వడానికి వెనక నుంచి వెళ్ళాను. మెట్ల మీద పగిలిన కూజా. అందులో నేనిచ్చిన పిలక. జానెడు ఎత్తు కూడా లేదు, రెండాకులు ఎండి ఉన్నాయి, ఆపా దానికి నీళ్ళు పోసేదో, బియ్యం కడిగిన కుడితి పోసేదో. కానీ దాని నెత్తిన శనగగింజల్లా గుండ్రంగా, గట్టిగా ఏడు మొగ్గలు! నేను లెక్కపెట్టాను, మళ్ళీ లెక్కపెట్టాను. ఏడు.

"ఆపా, దీనికి ఏం ఏసినవ్?"

"ఏం ఎయ్యలే. యాదికొచ్చినప్పుడు నీళ్ళు. దీపం లేదు, గీపం లేదు. ఎనకంత చీకటే కదా చెల్లె, పొద్దుమూకినంక నేను గూడ ఈడికి రాను."

చీకటే! ఆ మాట వినగానే నాకు మా చేను గుర్తొచ్చింది. నేను ఆ మెట్ల మీదే కూర్చున్నాను. పెళ్ళికి ముందటేడు మా చేను పక్కన రోడ్డు మీద కొత్తగా ఢాబా పెట్టారు. వాళ్ళు లారీలకు కనపడాలని ఎత్తైన స్తంభానికి పెద్ద లైటు కట్టారు. ఆ వెలుగు మా చేన్లో నాలుగు సాళ్ళ మీద పడేది. నాయిన ఆ ఢాబా అతనితో పెద్ద లొల్లి పెట్టుకున్నాడు. లైటుకు పురుగులు వస్తున్నాయని గొడవేమో అనుకున్నాను. ఇప్పుడు ఆయన అరిచిన అరుపు చెవిలో పడింది: "దాని మొకం అటు తిప్పు! నా చెట్లు నిద్రపోతలేవు, పూస్తలేవు!" చేనంతా పచ్చగా పూసినా ఆ నాలుగు సాళ్ళు మాత్రం ఆకు తప్ప పువ్వెరగకుండా నిలబడి ఉండేవి. అదే ఆకు! అచ్చం మా ఇంట్లో ఉన్నంత బలంగా.

చామంతికి పొడుగాటి చీకటి రాత్రి కావాలి. రాత్రి పొడుగవుతుంటేనే అది మొగ్గ వేస్తుంది. అంటే మా ఆయన లైటు ఎంత వేస్తే పువ్వు అంత దూరం పోతోంది. నాయినకు ఈ సంగతి శుభ్రంగా తెలుసు! తెలిసే, ఆకు వాసన చూసి, మీసం కింద నవ్వుకుని, చెయ్యి చాపాడు! అమ్మ నాయినో, ఎంత దొంగ ముసలాడివి! నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ కలిసి కళ్ళలోంచి కారుతుంటే ఆపా భయపడి, "ఏమైంది చెల్లె, నొప్పులా?" అని అరిచింది.

జరిగిందంతా ఆపాకు చెప్పాను. ఆమె గుమ్మానికి ఆనుకుని విని, "పో, పోయి మీ ఆయనకు జెప్పు. లైటు బందు జేస్తడు, గెలుస్తడు," అంది.

"గెలిస్తే?"

"కాన్పు ఈడ."

"చెప్పకుంటే?"

"కాన్పు ఆడ."

"మరి నేనేమన్న ఆపా? నన్ను ఎవ్వలన్న అడిగిండ్రా?"

ఆపా నన్ను అలాగే చూసింది. "నాకు ఆరు కాన్పులు. ఒక్కటి గూడ నన్ను అడిగి గాలే," అని పకపకా నవ్వింది. ఆ నవ్వుకు ఆమె పిల్లలందరూ వరసగా బయటికి వచ్చి నిలబడ్డారు.

ఆ మెట్ల మీదే నాకు ఉపాయం తట్టింది. అప్పటిదాకా పందెం వాళ్ళిద్దరిదీ. ఇప్పుడు స్విచ్చి నా చేతిలో ఉంది. ఎంత తేలికగా అనిపించిందో! ఆరో నెల కడుపుతో ఉన్నదాన్ని, గంతేయాలనిపించింది.

ఇంటికి పోయి మా ఆయనతో, "మూడు డబ్బాలకు ఏదో పురుగు పట్టినట్టుంది, మిగిలినవాటికి అంటుకుంటది. పొద్దుమూకినంక వాటిని సామాన్ల గదిల వేరుగ పెడుదాం, పొద్దున మల్ల లైటు కిందికి తెద్దాం," అన్నాను.

"రాత్రంత ఎలుగు లేకుంటే సచ్చిపోతయేమో!" అని ఆయన బెంగపడ్డాడు.

"సస్తే సస్తయి. మూడు మిగుల్తయి గదా."

సాయంత్రం అయిదు కాగానే మూడు డబ్బాలు సామాన్ల గదిలోకి. పైన నాయిన నాకిచ్చి పంపిన నల్ల గొంగడి. ఒక్క సూది మొనంత వెలుగు కూడా లోపలికి పోకుండా కప్పేదాన్ని. పొద్దున ఏడింటికి గొంగడి తీసి, మళ్ళీ ట్యూబుల కింద. మొదటి రోజు నేనే డబ్బా ఎత్తబోతే ఆపా చూసి, "పాగల్ అయినవా? కడుపుతోని బరువు మోస్తవా?" అని అరుస్తూ వచ్చి, చంకకొకటి, చేతికొకటి ఎత్తుకుపోయింది. ఆ రోజు నుంచి రెండు పూటలా ఆ మోత ఆమెదే. "ఇగో, మీ పేషెంట్లను పండవెడుతున్న," అని మా ఆయన ముందే అనేది. ఆయన పాపం, "జర మెల్లగ ఆపా, జర మెల్లగ" అని వెనకే తిరిగేవాడు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

ఇరవై రోజులు దాటాయి. ఒక పొద్దున మా ఆయన కేక పెట్టాడు. పళ్ళపుల్ల నోట్లోనే ఉంది. "మొగ్గ! మొగ్గ! రోగపుదానికి మొగ్గ!" అని లుంగీ ఎగ్గట్టి బయటికి పరిగెత్తాడు. కాలనీ మొత్తం పిలుచుకొచ్చాడు. పురుగు పట్టిన మూడింటికీ చెట్టు నిండా మొగ్గలు. ఏ రోగమూ లేని మూడూ మాత్రం ఆకులు ఊపుకుంటూ నిలబడ్డాయి. ఇది ఎలా జరిగిందో ఆయనకు అంతు పట్టలేదు. మంచం మీద కూర్చుని రోజుకో సిద్ధాంతం చెప్పేవాడు. పురుగు కుడితే మొక్కకు రోషం వస్తుందన్నాడు. తర్వాత, లైటు మూడింటికే సరిపోతోందన్నాడు. మిగిలిన మూడింటికి ఇంకో బల్బు పెట్టాడు. వాటికి మొగ్గలు వస్తాయా? నేను "అవునవును" అంటూ తలూపేదాన్ని. నాయినకు మాత్రం కార్డు రాశాడు: మొగ్గ తొడిగింది మామా, గంప ఖాళీగ తెచ్చుకోండ్రి అని.

సీమంతం రోజున నాయిన ఖాళీ గంపతో రాలేదు. రెండు గంపల నిండా పసుపు చామంతి, తెల్ల చామంతి తెచ్చాడు. అమ్మ ఒడిబియ్యం, చలిమిడి, గాజులు పట్టుకుని వెనకే ఉంది. లోపల అడుగుపెట్టగానే నాయిన కాళ్ళు ఆగిపోయాయి. ట్యూబుల కింద మూడు డబ్బాలు విరగబూసి ఉన్నాయి. పక్కనే మూడు, ఒట్టి ఆకుతో.

"సూసిండ్రా మామా! గెలిచిన!" అన్నాడు మా ఆయన.

నాయిన పూసిన మొక్కను చూశాడు, పూయని మొక్కను చూశాడు, సామాన్ల గది తలుపు వైపు చూశాడు. అక్కడ గొంగడి వేలాడుతోంది. ఆయన నా వైపు తిరిగాడు. ఆ చూపు చూసి నాకు నవ్వు ఆగలేదు.

"సగమే పూసినయి అల్లుడా. సగం పూస్తే గెలుసుడు ఎట్లయితది?" అన్నాడు చివరికి.

"పూసినయా లేవా? అన్ని పూయాలె అని ఎవ్వలన్నరు?"

"జడ నిండ అన్నవు."

"మూడు డబ్బాలకు జడ నిండదా?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఇద్దరూ. పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళందరూ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. పీట మీద కూర్చోబెట్టాల్సిన నన్ను ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు నేనే పోయి మెయిన్ స్విచ్చి దగ్గర నిలబడి ట్యూబులన్నీ ఆర్పేశాను. అయిదు నెలల తర్వాత ఆ గదిలో చీకటి పడింది. అందరూ నోళ్ళు మూశారు.

"పూసినవాటికి నేను రాత్రి చీకటి పెట్టిన. పూయనివాటిని గట్లనే ఇడిసిన. లైటుకు పూయలే, గొంగడికి పూసినయి. మీ ఇద్దర్ల ఎవ్వలు గెలవలే," అన్నాను.

మా ఆయన నోరు తెరిచాడు. "అంటే... నేను గిన్ని రోజులు..."

"అవు. మీరు గిన్ని రోజులు వాటిని పూయనియ్యలే."

ఆయన డబ్బాల వైపు చూశాడు, తాడు వైపు చూశాడు, గోడ మీద సుద్దగీతల వైపు చూశాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. లేదు. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే నాయిన వైపు తిరిగి, "మామా, మీకు ఎరుకేనా?" అన్నాడు.

నాయిన తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఎరుకే. బిడ్డ పోయినంక ఇల్లు బోసిగున్నది అల్లుడా. ఒక్క ఏడాది ఉంటదని ఆశపడ్డ," అన్నాడు. ఆ గొంతు విని నా కోపమంతా ఎటు పోయిందో. వెళ్ళి ఆయన పక్కన కూర్చుని భుజం మీద తల పెట్టాను. మా ఆయన మామ చేతికి మంచినీళ్ళ గ్లాసు అందించాడు.

"మరి నువ్వే జెప్పు బిడ్డా. నీకు ఏడ ఉండాల్నని ఉన్నది?" అన్నాడు నాయిన.

అడిగారు! నాలుగు నెలల నుంచి ఆ ప్రశ్న కోసం జవాబు పాఠంలా వల్లె వేసుకున్నాను. తీరా అడిగేసరికి ఆ పాఠమే మరిచిపోయాను. ఆపా గుమ్మంలోంచి "జెప్పు చెల్లె, జెప్పు!" అని అరిచింది.

"దవాఖాన ఈడ గావాలె. అమ్మ నాకాడ గావాలె. అమ్మనే ఈడికి రావాలె," అన్నాను.

నాయిన తలెత్తాడు. "మీ అమ్మ ఎట్లొస్తది? మాఘం దాక పూలు ఉంటయి. పొద్దుగాల పూలు ఎవ్వలు తెంపుతరు?"

"నేనొస్త," అంది అమ్మ.

అందరం ఆమె వైపు తిరిగాం. ఒడిబియ్యం పళ్ళెం ఇంకా రెండు చేతుల్లో పట్టుకునే ఉంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆ చేను వదిలి నాలుగు రోజులు ఎక్కడా ఉండని మనిషి. ఆమె గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు.

"నువ్వొస్తే పూలు..." అన్నాడు నాయిన మళ్ళీ.

"నీకు చేతులు లేవా? తెంపు," అంది.

గదిలో మొదట నవ్వింది ఆపా. తర్వాత పేరంటాళ్ళందరూ. తర్వాత నాయిన కూడా, తలపాగాతో మొహం తుడుచుకుంటూ. నన్ను పీట మీద కూర్చోబెట్టి, నాయిన తెచ్చిన పూలు, మూడు డబ్బాల పూలు కలిపి అమ్మే జడ కుట్టింది. అంత బరువైన జడ నేను మళ్ళీ వేసుకోలేదు. మా ఆయన నా వెనక నిలబడి, ఏ పువ్వు ఎవరిదో లెక్క తేలుస్తానని వంగి చూస్తుంటే పేరంటాళ్ళు ఆయన్ని బయటికి తరిమేశారు.

పుష్యం చివర్లో అమ్మ ఒక్క రేకుపెట్టెతో బస్సు దిగింది. మా ఆయన ఆమెను ఆ సాయంత్రమే డ్యాం మీదికి తీసుకెళ్ళాడు. నీళ్ళు చూసి, "గిన్ని నీళ్ళా!" అని నోటి మీద చెయ్యి వేసుకుని అక్కడే నిలబడిపోయిందట. ఇంటికొచ్చాక ఆపా తెచ్చిన చేపల పులుసు రెండుసార్లు వేసుకుని తిన్నది.

మర్నాడు నాలుగింటికే అలవాటు చొప్పున లేచింది. చీర చెక్కుకుని, గంప కోసం చుట్టూ చూసి, గడప మీద కూర్చుంది. ఆ చప్పుడుకు నాకూ మెలకువ వచ్చింది.

"ఇప్పుడు ఏం జెయ్యాల్నే?" అంది.

"ఏం చెయ్యొద్దమ్మా. వచ్చి పండుకో."

నా పక్కనే వచ్చి పడుకుంది. కాసేపు పైకప్పు చూసింది, ఒకసారి నా కడుపు మీద చెయ్యి వేసి కదలిక చూసింది. తర్వాత అటు తిరిగి, ఎండ గడప మీదికి వచ్చి వెళ్ళిపోయేదాకా నిద్రపోయింది.